తీతువు ఎందుకు అరుస్తది?

నా ఇన్‌స్టాగ్రామ్‌లో అన్నింటికంటే ఎక్కువ లైకులు వచ్చిన ఫొటో ఇప్పుడు అక్కడ లేదు. నేనే తీసేశాను.

అది తీతువు పిట్ట ఫొటో. కింద గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు. పక్కనే రెక్కలు సగం విప్పి, నోరు తెరిచి అరుస్తున్న తల్లి పిట్ట. కళ్ల ముందు ఎర్రటి తోలు, పసుపు పచ్చ కాళ్లు, వెనక మసకగా మట్టిరంగు. ‘కిరాక్ బ్రో’, ‘ఏం లెన్స్ వాడావ్ అన్నా’ అని ఒకటే కామెంట్లు. మూడు రోజులు ఫోన్ మోగుతూనే ఉంది. నాలుగో రోజు మళ్లీ అక్కడికి వెళ్తే గుడ్లు లేవు.

పిట్ట ఆ ఫొటోలో పోజు ఇవ్వడం లేదు, నన్ను అక్కడినుంచి పొమ్మంటోంది. ఇంత చిన్న సంగతి నా తలకెక్కడానికి నాలుగు గుడ్లు పోవాల్సి వచ్చింది. ఈ మధ్య చాలామంది ఫ్రెండ్స్ ‘బర్డ్ ఫొటోగ్రఫీ మొదలుపెడదామనుకుంటున్నా, టిప్స్ చెప్పరా’ అని అడుగుతున్నారు. చెప్తా. కెమెరా సెట్టింగుల కంటే ముందు మాత్రం ఈ కథ చెప్పాలి.

బొగ్గు ఊళ్లో పిట్టలెక్కడివి?

మాది గోదావరిఖని. బాపు సింగరేణిలో 33 ఏళ్లు పనిచేసి 2021లో రిటైరయ్యాడు. నేను బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. 2020లో లాక్‌డౌన్ పెట్టగానే లాప్‌టాప్ సంచిలో వేసుకొని ఇంటికొచ్చేశా. తొమ్మిదిన్నరకు స్టాండప్ కాల్. దానికి ముందు మూడు గంటలు ఏం చేయాలో తోచేది కాదు. బాపు మొదటి షిఫ్టుకు ఏడింటికల్లా బాయి మీద ఉండాలి కాబట్టి ఇంట్లో అందరం చీకటితోనే లేస్తాం. ఆయన వెళ్లాక నేనూ బయటికి నడిచేవాణ్ని.

మా ఊరంటే బయటివాళ్లకు గుర్తొచ్చేది బొగ్గు లారీలు, ఎన్టీపీసీ పొగ గొట్టాలు, ఎండాకాలం 45 డిగ్రీల వేడి. అబద్ధం కాదు. కానీ పక్కనే గోదావరి ఉంది. ఎగువన ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లున్నాయి. క్వార్టర్ల వెనక ఏనాడో నాటిన వేపలు, జామలు, మామిళ్లు ఉన్నాయి. ఓపెన్‌కాస్ట్ గనుల్లో బొగ్గు మీది మట్టిని తీసి పోసిన గుట్టల మీద మొక్కలు పెంచారు. పిట్టకు కావాల్సింది తిండి, నీళ్లు, గూడు పెట్టుకోవడానికి ఇంత చోటు. అవి ఉన్నచోటికి అది వచ్చేస్తుంది. ఊరి పేరు చూసి రాదు.

మొదటి నెలలోనే ఇంటి చుట్టుపక్కల ముప్పై రకాలు లెక్కపెట్టాను. కరెంటు తీగ మీద మన రాష్ట్ర పక్షి పాలపిట్ట. మోరీ పక్కన లకుముకి పిట్ట. తుమ్మచెట్టుకు వేలాడే గిజిగాడి గూళ్లు. పొద్దుగూకితే ఇంటి పెంకుల మీద పగిడికంటె. గోదావరి ఒడ్డున నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ నిలబడేవి. ఇరవై ఏళ్లుగా ఇదే ఊళ్లో తిరుగుతున్నాను, ఒక్కటంటే ఒక్కటి సరిగ్గా చూడలేదని సిగ్గేసింది.

తర్వాత చదివితే తెలిసింది. మన దేశంలో పక్షుల గురించి మాట్లాడితే మొదట గుర్తొచ్చే సలీం అలీ 1931-32లో అప్పటి హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారట. ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ అనే ఆయన పుస్తకం 1941లో వచ్చింది. మన నేల మీది పిట్టలను పట్టించుకోవడం ఇవాళ పుట్టిన ఫ్యాషన్ కాదన్నమాట.

2021 చివర్లో 38 వేలు పెట్టి సెకండ్ హ్యాండ్ కెమెరా కొన్నాను. నికాన్ డీ5600, 70-300 లెన్స్. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “దీంతోని ఏం జేస్తవురా?” అన్నాడు. పిట్టల ఫొటోలు తీస్తానన్నాను. “బొగ్గు దవ్వి సదివిపిస్తే పిట్టలను లెక్కవెడ్తున్నవా!” అని నవ్వాడు. కోపంగా ఏం కాదు.

ఆ ఆదివారం

2022 ఏప్రిల్. పొద్దున తొమ్మిదిన్నర దాటింది. ఊరి బయట మేకలు మేసే ఒక బీడు. ఎక్కడో చెప్పను, ఎందుకో ఇది చదవడం అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

నడుస్తుంటే ఒక తీతువు నా తల మీదుగా అరుస్తూ తిరగడం మొదలుపెట్టింది. ఇంకోటి కాస్త దూరంలో నేల మీద రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పోతోంది. పాపం దెబ్బ తగిలిందేమో అనుకున్నా. నాలుగడుగులు వేయగానే కాళ్ల దగ్గర గుడ్లు కనిపించాయి. గూడంటూ ఏమీ లేదు. నేలలో చిన్న గుంట, చుట్టూ గులకరాళ్లు. మట్టిరంగు మీద నల్లమచ్చలు. చూసి నడవకపోతే తొక్కేసేవాణ్నే.

నాకు సంతోషం ఆగలేదు. పది అడుగుల దూరంలో పడుకొని కెమెరా పట్టాను. తల్లి వస్తుంది, దగ్గరికొచ్చి అరుస్తుంది, పోతుంది. నేను తీస్తూనే ఉన్నా. నలభై నిమిషాల్లో 600 ఫొటోలు. అంతసేపూ గుడ్లు ఎండలోనే ఉన్నాయి. ఆ పూట వేడి 42 దాటింది. నాకు తలపాగా ఉంది, నీళ్ల సీసా ఉంది. గుడ్లకున్న గొడుగు తల్లి ఒళ్లే. దాన్ని నేనే రానివ్వలేదు.

రాత్రి ఫొటో పెట్టాను. లొకేషన్ కూడా పెట్టాను. తెల్లారి ఇద్దరు కుర్రాళ్లు మెసేజ్ చేసి, బైక్ మీద వెళ్లి వాళ్లూ తీసుకున్నారు. నాలుగో రోజు వెళ్లేసరికి గుంట ఖాళీ. కాకి తీసుకుపోయిందో, ముంగిస తిన్నదో, కుక్క పనో తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. ఆ మెత్తటి దుమ్ములో గుంట దాకా పోయిన చెప్పుల అచ్చులు రెండు మూడు రకాలున్నాయి. అందులో ఒకటి నాది. మనం పోయిన దారిలోనే వాసన పట్టుకొని కుక్కలు, ముంగిసలు పోతాయి. మనం ఎక్కడ వంగి చూస్తున్నామో పైనుంచి కాకి చూస్తుంది. ఇవన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నవే.

ఆ రెండు తీతువులు ఇంకా అక్కడే తిరుగుతున్నాయి. ఈసారి నన్ను చూసి అరవలేదు. అరవడానికి అక్కడ ఏమీ లేదు.

అమ్మ ఎందుకు మొహం తిప్పుకుంది

ఫొటో తీసిన రోజు రాత్రి అమ్మకు చూపించాను. ఒక్కసారి చూసి మొహం అటు తిప్పుకుంది. “గా పిట్ట ఫొటో ఇంట్ల వెట్టకురా” అంది.

తీతువు కూస్తే చావు కబురు అని మన ఊళ్లలో ఓ నమ్మకం. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, చెప్తారు. బొగ్గు ఊళ్లో ఆ నమ్మకానికి బరువెక్కువ. మనిషి నైట్ షిఫ్టుకు రాత్రి పదకొండింటికి బాయిలోకి దిగితే పొద్దున ఏడింటికి బయటికి వస్తాడు. ఆ ఎనిమిది గంటలు ఇంట్లో ఆడవాళ్లకు సరిగ్గా నిద్ర ఉండదు. ఆ చీకట్లో బయట తీతువు అరిస్తే ఎట్లుంటుందో ఊహించుకోండి.

2003 జూన్ 16న గోదావరిఖని ఏడో ఎల్ఈపీ గనిలోకి నీళ్లు వచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. నాకప్పుడు ఆరేళ్లు. బాపు పని చేసేది వేరే బాయిలో. అయినా ఆ రోజు కాలనీలో ఎవరింట్లోనూ పొయ్యి వెలగలేదని అమ్మ చెప్తుంది. నాకు గుర్తున్నది ఒక్కటే. బాపు ఇంటికొచ్చి గడప మీద కూర్చుంటే అమ్మ ఆయన భుజం మీద చెయ్యి తీయకుండా నిలబడింది. “అంతకు ముందు వారం దినాలు రాత్రంతా గా పిట్ట ఒకటే ఒర్రుడు” అని కాలనీలో ఆడవాళ్లు చాలా ఏళ్లు అనుకున్నారు. అమ్మ ఇప్పటికీ అంటుంది.

అలాంటి అమ్మకు ‘ఇది మూఢనమ్మకం’ అని లెక్చర్ ఇవ్వడానికి నాకు నోరు రాలేదు. కానీ గుడ్లు పోయాక ఆ పిట్ట గురించి చదవడం మొదలుపెట్టా.

తీతువు ఎక్కువగా మార్చి నుంచి ఆగస్టు మధ్యలో గుడ్లు పెడుతుంది. మూడో నాలుగో. చెట్టెక్కి గూడు కట్టదు, నేల మీదే. దాదాపు 28 రోజులు పొదగాలి. నేల మీద ఉన్నవాళ్లకు శత్రువులు ఎక్కువ. కుక్క, నక్క, ముంగిస, పాము, కాకి, మనిషి. దాచుకోవడానికి గోడ లేదు. అందుకే ఎవరైనా దగ్గరికొస్తే గట్టిగా అరిచి గోల చేస్తుంది. తన వైపు మళ్లించడానికి రెక్క విరిగినట్టు నటిస్తుంది. రాత్రి కూడా మెలకువగా తిరిగే పిట్ట కాబట్టి చీకట్లో కుక్క వచ్చినా, మనిషి నడిచినా అరుస్తుంది.

అంటే జూన్ రాత్రుల్లో తీతువులు అరవడానికి కారణం ఉంది. అప్పటికి వాటి గుడ్లో పిల్లలో నేల మీద ఉంటాయి. ఏ ఏడాదైనా అంతే. బాయిలో ఏమైనా జరిగినా అరుస్తాయి, జరక్కపోయినా అరుస్తాయి. జరిగిన ఏడాది అరుపు మనకు గుర్తుంటుంది, అంతే.

ఈ మాట అమ్మతో అన్నాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “అంటే అది గూడ భయంతోనే ఒర్రుతదా?” అని అడిగింది. అవునన్నాను. మరి ఆ భయాన్ని నేనే ఫొటో తీసి లైకులు తెచ్చుకున్నానని చెప్పలేదు. ఆ రాత్రే పోస్ట్ తీసేశా.

ఇప్పుడు టిప్స్

ఈ నాలుగేళ్లలో చేసిన తప్పుల నుంచి నేర్చుకున్నవి ఇవి.

దూరం పిట్ట చెప్తుంది. తింటున్న పిట్ట తినడం ఆపి తలెత్తిందంటే మీరు గీత దగ్గర ఉన్నారు. అరిచిందంటే గీత దాటారు. తల మీదికి దూకినా, రెక్క ఈడ్చినా వెంటనే వచ్చిన దారిన వెనక్కి వెళ్లిపోండి. ఫొటో తర్వాతైనా దొరుకుతుంది. పిట్ట తన పని తాను చేసుకుంటుంటే తీసినదే మంచి ఫొటో.

గూడు, గుడ్ల ఫొటోలు వద్దు. కొత్తలో ఇది పూర్తిగా మానేయండి. ఇది మర్యాదకు మించిన సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘వేట’ అంటే చంపడం ఒక్కటే కాదు, అడవి పక్షుల గుడ్లను, గూళ్లను కదిలించడం, పాడుచేయడం కూడా దాని కిందికే వస్తుంది.

లొకేషన్ ఆపేయండి. ఫోన్ కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ట్యాగ్ ఆఫ్ చేయండి. పోస్టులో ‘పెద్దపల్లి జిల్లా’ అని రాస్తే చాలు. ఏ చెట్టో, ఏ చెరువు మూలో అక్కర్లేదు. గుడ్లగూబలకైతే ఇంకా జాగ్రత్త. క్షుద్రపూజల పేరుతో వాటిని పట్టుకుపోయేవాళ్లున్నారు.

స్పీకర్లో కూత వినిపించి పిలవకండి. తన హద్దులోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకొని పిట్ట తిండి మానేసి కొట్లాటకు వస్తుంది. మీకు ఫొటో దొరుకుతుంది, దానికి వృథా తిరుగుడు.

దసరాకు పంజరంలో పాలపిట్టను చూపించి డబ్బులడిగేవాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి. దాన్ని పట్టడమే నేరం. పొద్దున్నే ఊరి బయటికి పోతే తీగ మీద ఫ్రీగానే కనిపిస్తుంది. పుణ్యానికి పుణ్యం, ఫొటోకి ఫొటో.

కెమెరా లేదా? ఫోన్ చాలు. ఫోన్‌తో ఎగిరే గద్దను తీయాలని చూడకండి, చుక్కే వస్తుంది. సీతాకోకచిలుకలు, సాలీళ్లు, తూనీగలు, గిజిగాళ్ల ఖాళీ గూళ్లు, సాయంత్రం ఆకాశం ముందు కొంగల గుంపు నీడలు తీయండి. స్క్రీన్ మీద వేలు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేసి, వెలుతురు కాస్త తగ్గించండి. డబ్బులుంటే ముందు 8x42 బైనాక్యులర్ కొనండి. ఫోన్ లెన్స్‌ను దాని కంటి అద్దానికి ఆనిస్తే దూరపు ఫొటో కూడా ఓ మాదిరిగా వస్తుంది. అన్నిటికంటే ముందు చూడటం అలవాటవుతుంది.

కెమెరా ఉంటే ఇవి చాలు. కూర్చున్న పిట్టకు షటర్ స్పీడు కనీసం 1/500, ఎగిరేదానికి 1/2000. ఐఎస్ఓ ఆటోలో పెట్టండి, కొంచెం నాయిస్ వచ్చినా పర్లేదు. కదిలిపోయిన ఫొటోను మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు, ఆ ఫీల్డులో ఉన్నవాణ్నే చెప్తున్నా. ఫోకస్ కంటి మీద. తెల్ల కొంగకు ఎక్స్‌పోజర్ కొంచెం మైనస్, లేకుంటే ఈకలన్నీ తెల్లకాగితంలా వస్తాయి. కాకికి, నీటికాకికి కొంచెం ప్లస్. పిట్ట నేల మీదుంటే మీరూ కిందికి దిగండి, దాని కంటి ఎత్తు నుంచి తీస్తే బొమ్మే మారిపోతుంది.

మన ఎండను అర్థం చేసుకోండి. సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. ఎండాకాలం పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకే అసలు టైమ్. తొమ్మిది దాటితే నేల మీది నుంచి వేడిగాలి అలలా లేస్తుంది. కళ్లకు అంతగా తెలియదు కానీ పెద్ద లెన్స్‌లో పిట్ట నీళ్లలో ఉన్నట్టు వణుకుతుంది. నా మొదటి ఏడాది ఫొటోలు సగం అందుకే పోయాయి. లెన్స్ పాడైందనుకొని రిపేర్ షాపుకు కూడా పోయా!

బొగ్గు దుమ్ముతో జాగ్రత్త. బయట లెన్స్ మార్చకండి. అద్దం మీద దుమ్ము పడితే చొక్కా కొసతో తుడవకండి, గీతలు పడతాయి. ముందు రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి, తర్వాతే మెత్తటి గుడ్డ. బ్యాగులో ఒక ప్లాస్టిక్ కవర్ ఎప్పుడూ ఉండాలి.

గనుల్లోకి దూరకండి. మట్టి గుట్టల మీద నెమళ్లు కనిపిస్తాయి, ఆశ పుడుతుంది. అనుమతి లేకుండా ఓపెన్‌కాస్ట్ హద్దుల్లోకి పోవద్దు. బ్లాస్టింగ్ ఉంటుంది, వదులు మట్టి జారుతుంది, డంపర్ డ్రైవర్‌కు మీరు కనపడరు. బాపు నాకు పెట్టిన షరతు ఇదొక్కటే.

పేరు తెలుసుకోండి. కార్నెల్ ల్యాబ్ వాళ్ల మెర్లిన్ యాప్ ఉచితం. ఫొటో చూపించినా, కూత వినిపించినా పేరు చెప్తుంది. అది చెప్పిందే ఫైనల్ అనుకోకుండా పుస్తకంతో పోల్చుకోండి. చూసినవి ఈబర్డ్‌లో నమోదు చేస్తే ఆ లెక్క పరిశోధన చేసేవాళ్లకూ పనికొస్తుంది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పిట్టలను లెక్కపెట్టే ‘గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్’ జరుగుతుంది. మొదలుపెట్టడానికి మంచి ముహూర్తం. మీ డాబా మీద పదిహేను నిమిషాలు నిలబడినా చాలు.

కాస్త దూరం పోగలిగితే మంథని దాటాక శివ్వారం అభయారణ్యంలో మొసళ్లున్నాయి. జన్నారం వైపు 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించిన కవ్వాల్ అడవి ఉంది. బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద 2013లో రాబందులు బయటపడ్డాయి. పశువులకు వాడే డైక్లోఫెనాక్ మందు దేశమంతటా రాబందులను తుడిచిపెట్టేసింది. 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. అలాంటి చోట్లకు అటవీశాఖ అనుమతితో, వాళ్లు చెప్పిన హద్దుల్లోనే తిరగాలి. అడుగు తప్పు పడితే నాలుగు గుడ్లతో పోదు.

బాపుతో రెండో సారి

2023 ఏప్రిల్‌లో అదే బీడుకు మళ్లీ వెళ్లాను. ఈసారి బాపు కూడా వచ్చాడు. రిటైరైనా ఆయనకు తెల్లవారుజామున ఐదింటికే మెలకువ వస్తుంది. ఇంట్లో కూర్చొని ఏం చేయాలో తెలియక, “నడువు, నేనూ వస్త” అన్నాడు.

బాట దిగి కొంచెం పోగానే తీతువు అరిచింది. నేను ఇంకా ఎక్కడా అని వెతుకుతుండగానే బాపు నా మోచెయ్యి పట్టి ఆపాడు. “ఆగు. సప్పుడైతే ఆగాలె.”

ఎందుకని అడిగితే చెప్పాడు. బాయి లోపల పని మొదలుపెట్టే ముందు పైకప్పును కర్రతో కొట్టి చూస్తారు. గట్టి సప్పుడొస్తే సరే. డొల్ల సప్పుడొస్తే అక్కడ రాయి విడిపోయినట్టు. “డొల్ల సప్పుడు ఇన్నంక గూడ ముందలికి పోయినోడు మల్ల ఇంటికి రాలే. అది చెప్పేది మన మంచికే. ఇనుడే మన పని.” ముప్పై మూడేళ్లు చీకట్లో చెవులతో బతికిన మనిషి. నేను యాప్‌లో వెతుక్కునేది ఆయనకు వెంట్రుకలు నిక్కబొడుచుకొని తెలిసిపోతోంది.

పాతకాలంలో ఇంగ్లండ్ గనుల్లో పిట్టలనే లోపలికి తీసుకుపోయేవారని ఆయనకు చెప్పాను. విషవాయువు వస్తే మనిషి కంటే ముందు కెనరీ పిట్ట సొమ్మసిల్లేది. 1986 దాకా ఆ పద్ధతి ఉంది. బాపు విని, “అంటే పిట్ట చెప్తే ఇన్నరు, అందుకే బతికిన్రు” అన్నాడు. నాకు ఎన్ని బ్లాగులు చదివినా తట్టని మాట.

వెనక్కి వచ్చి కారు తెచ్చుకున్నాం. బాట మీదే, పిట్టకు యాభై మీటర్ల దూరంలో ఆపి, ఇంజిన్ బంద్ చేసి, అద్దం దించాం. ఇదీ ఒక టిప్పే. చాలా పిట్టలకు నడిచే మనిషంటే భయం, ఆగిన బండంటే అంత భయం లేదు. కారే మీ మాటు. పాత జీన్స్ కాలు కత్తిరించి, రెండు మూలలు కుట్టి బియ్యం నింపితే కిటికీ మీద లెన్స్ ఆనించడానికి మంచి దిండు తయారు. అమ్మకు చెప్పి తీసుకోండి, చెప్పకపోతే ఏమవుతుందో నాకు తెలుసు.

ఆరు నిమిషాలకు పిట్ట వచ్చి గుడ్ల మీద కూర్చుంది. అరవలేదు. అంటే దూరం సరిపోయిందన్నమాట. కాసేపటికి ఇంకోటి నడుచుకుంటూ వచ్చింది. దాని పొట్ట కింద ఈకలు తడిసి ఉన్నాయి. ఎక్కడో గుంటలో పొట్ట ముంచుకొని వచ్చి, మొదటిది లేవగానే అది కూర్చుంది. ఎండాకాలం తీతువులు గుడ్లను ఇలా తడిపి చల్లబరుస్తాయని చదివాను కానీ కళ్లతో చూడటం అదే మొదలు. పోయిన ఏడాది నలభై నిమిషాల్లో నేను ఆపింది ఈ పనినే.

మా 300 లెన్స్‌కు యాభై మీటర్ల పిట్ట చిన్నగానే వస్తుంది. ముందు బాధపడ్డా. తర్వాత ఫ్రేమ్ కాస్త వెడల్పుగా పెట్టి తీశాను. కింద మూలన పొదుగుతున్న పిట్ట, వెనక మట్టి గుట్టలు, ఇంకా వెనక ఎన్టీపీసీ గొట్టాలు. మే నెలలో వెళ్తే దూది ఉండలకు కాళ్లు పెట్టినట్టు మూడు పిల్లలు పరుగెత్తుతున్నాయి. నాలుగోది ఏమైందో తెలియదు. మూడు చాలు అనుకున్నా.

ఆ ఫొటో పెట్టాను, ఊరు పేరు మాత్రమే రాసి. 214 లైకులు. ‘బ్రో, జూమ్ చేయాల్సింది’ అని ఒకరు కామెంట్ పెట్టారు. పెట్టనీ.

అమ్మకు కూడా చూపించాను. ఈసారి మొహం తిప్పుకోలేదు. తడి పొట్టతో నడిచొస్తున్న పిట్టను వేలితో పెద్దది చేసి చూస్తూ, “ఇది మొగదా?” అంది. రెండూ ఒకేలా ఉంటాయి, పేరు పెట్టి చెప్పలేం, కానీ రెండూ వంతులవారీగా పొదుగుతాయని చెప్పాను.

“అంటే షిఫ్టు డ్యూటీ అన్నట్టు” అంది. బాపు టీ తాగుతూ తలెత్తి చూశాడు.

ఆ ప్రింటు ఇప్పుడు మా ముందరి గదిలో, బాపు రిటైర్మెంట్ రోజు శాలువాతో దిగిన ఫొటో పక్కన ఉంది. పెట్టింది నేను కాదు, అమ్మే.

మొన్న జూన్‌లో రెండు రోజులు ఇంటికి వెళ్లాను. రాత్రి రెండింటికి కరెంటు పోతే అందరం ఆరుబయట మంచాలేసుకున్నాం. బీడు వైపు నుంచి తీతువు అరవడం మొదలుపెట్టింది, ఆపకుండా. నేను అమ్మ వైపు చూశాను. ఇదివరకైతే లేచి కూర్చునేది, బాపు ఎక్కడున్నాడో చూసుకునేది. ఈసారి పడుకునే అంది:

“ఎవడో గుడ్ల దగ్గరికి పోయినట్టున్నడు. నువ్వైతే ఇక్కడనే ఉన్నవు గదా?”